పోటీల కోడె వంశానికి విలువ కట్టడం ఎలా?

కొన్నేళ్ల కింద శివరాత్రికి మేళ్లచెరువు జాతరలో బండలాగుడు పోటీలు చూస్తుంటే, గెలిచిన జతలో దాపటెద్దు మీద నాకు మనసు పడ్డది. దాని తండ్రికే పుట్టిన కోడెదూడ ఒకటి అమ్మకానికి ఉందని ఒక దళారి చెబితే, ఆ వారంలోనే కొన్నాం. మేతకు లోటు చేయలేదు. రెండు పళ్లు వేసేసరికి దాని వెనక మోకాళ్లు నడకలో ఒకదానికొకటి రాసుకోవడం మొదలైంది. అప్పుడు పోయి దాని తల్లిని చూశాను. ఆ ఆవుకూ అవే కాళ్లు, దాని పెద్ద కొడుకుకూ అవే కాళ్లు. కొనకముందే ఆ ఊరికి పోయి ఉంటే కొట్టంలో నిలబడ్డ పది నిమిషాల్లో తెలిసిపోయేది.

అప్పటి నుంచి ఏ కోడెను చూసినా నేను పాటిస్తున్న వరుస ఇది. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు ఒంగోలు పెంచేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. పాలమూరు వైపు పొడ తూర్పు అనే మచ్చల పశువులకు మారే సంగతులు చివర్లో చెబుతాను.

మొదట, దేనికోసమో తేల్చుకోండి

అందాల పోటీకా, బండకా, సేద్యానికా, ఇంటి పాలకా? అందాల పోటీలో ఒంగోలు గిత్తకు తెల్లటి ఒళ్లు, తల, మెడ, మూపురం మీద ముదురు బూడిద ఛాయ, నల్లటి ముట్టె, నల్లటి తోక కుచ్చు, పొట్టి కొమ్ములు, మడతలు పడి వేలాడే గంగడోలు చూస్తారు. బండకు వీటితో పని లేదు. నడుము పట్టు, ఎముక మందం, డెక్కల గట్టితనం, పట్టుదల కావాలి. అన్నీ ఒకే తరంలో కావాలనుకుంటే ఏ గుణమూ ముందుకు కదలదు. ఒకటో రెండో ఎంచుకుని, వాటి మీదే తరం తర్వాత తరం నిలబడాలి.

మూడు తరాలు కాగితం మీద పెట్టండి

కోడె, దాని తల్లి, తండ్రి, నలుగురు తాతలూ అవ్వలూ, ఎనిమిది మంది ఆపై తరం. సగం గళ్లు ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు, ఖాళీ ఎక్కడుందో తెలుస్తుంది. దూడకు తండ్రి నుంచి సగం, తల్లి నుంచి సగం వస్తుంది. తాత వంతు సగటున నాలుగో భాగం, ముత్తాత వంతు ఎనిమిదో భాగం. "ఫలానా ఆబోతు మునిమనవడు" అని దళారి ఎంత గట్టిగా చెప్పినా ఆ పేరుకు అందులో ఉన్న వాటా అంతే. ఆ సగం కూడా ప్రతి దూడకూ ఒకే సగం కాదు. అందుకే ఒకే తల్లిదండ్రులకు పుట్టిన అన్నదమ్ముల్లో ఒకటి బండ ముందు సింహంలా నిలబడితే ఇంకొకటి అరక దాటి ముందుకు రాదు.

సూదితో, అంటే కృత్రిమ గర్భధారణతో పుట్టిన దూడైతే కొంత సులువు. వీర్యం గొట్టం మీద ఆబోతు నంబరు, జాతి, సేకరించిన తేదీ అచ్చు వేసి ఉంటాయి. సూది వేసిన గోపాలమిత్ర దగ్గర రాసిపెట్టుకున్న పుస్తకం ఉంటుంది. చెవి పోగు మీది 12 అంకెల నంబరుతో ఆ ఆవు వివరాలు సరిచూడమని పశువైద్యశాలలో అడగండి. ఊరి ఆబోతుతో కట్టించినదైతే సాక్ష్యం మనుషుల నోటిదే. ఇద్దరు ముగ్గురిని విడివిడిగా అడగాలి.

ఇంకో సంగతి. గెలిచిన ఎద్దుకు వట్టలు నొక్కించి ఉంటే దాని రక్తం దానితోనే ఆగిపోతుంది. దాని విలువ బతికున్న తల్లిలోనూ, తండ్రిలోనూ, అక్కచెల్లెళ్లలోనూ ఉంది. బహుమతి జత చుట్టూ జనం మూగినప్పుడు నేను ఆ ఎద్దు పుట్టిన ఇల్లు ఎక్కడని అడుగుతాను.

తల్లిని పాలు పితికే వేళకు చూడండి

పొద్దున్నే పోవాలి. పొదుగు నాలుగు భాగాలూ సమానంగా ఉన్నాయా, చన్నుల్లో ఏదైనా ఎండిపోయిందా, లేగ కడుపు నిండా తాగుతోందా, కొత్త మనిషి దగ్గరికొస్తే ఆవు ఎగబడుతోందా, అన్నీ ఆ అరగంటలో కనబడతాయి. ఒంగోలు ఆవు పాలు ఇంటి అవసరానికి మించి ఇవ్వకపోయినా, దూడను బలంగా సాకేన్ని ఉండాలి. పాలు చాలని తల్లి దూడ మొదటి ఏడాదిలో వెనకబడితే దాన్ని తర్వాత ఉలవలతో పూర్తిగా అందుకోలేం.

ఎన్నో ఏట మొదటిసారి ఈనింది, ఎన్ని ఈతలు, ఎన్ని దూడలు దక్కాయి, ఎన్ని పోయాయి? చూలు కాలం 9 నెలల 10 రోజుల దరిదాపు. పన్నెండేళ్ల ఆవు నాలుగో ఏట మొదలుపెట్టి ఆరీతలు ఈనిందంటే, రెండు ఈతల మధ్య సగటున ఏడాదిన్నర పైన పడింది. మూడే ఈతలైతే ఎందుకో అడగాలి. యజమాని లెక్క మీద అనుమానం ఉంటే కొమ్ము మొదట్లో వలయాలు చూడండి. ఈతల ఒత్తిడికి కొమ్ము పెరుగుదల తగ్గి గాడి పడుతుంది కాబట్టి మన పెద్దవాళ్లు వాటితో ఈతలు లెక్కగట్టేవాళ్లు. కచ్చితం కాదు కానీ పెద్ద అబద్ధాన్ని పట్టిస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఎదకు రావడం, చూలు నిలవడం వంటివాటిలో రక్తం వంతు తక్కువ, మేత, కాలం, జబ్బుల వంతు చాలా ఎక్కువ. కరువు ఏడాది ఖాళీగా ఉన్న ఆవును తప్పు పట్టకండి. అదే కొట్టంలో, అదే మేత మీద మిగతా ఆవులు ఈనుతుంటే ఇదొక్కటే ఆగిపోతోందా అన్నది చూడండి.

అన్నిటికంటే ఎక్కువ సమయం దూడలకు ఇవ్వండి

ఆబోతు ఎలా కనిపిస్తుందన్నది దాని మేత మీద కూడా ఉంటుంది. ఉలవలు, పత్తిగింజలు, తవుడు, రోజూ నడక, మాలిష్ పడ్డ గిత్త మెరవకుండా ఎలా ఉంటుంది? దాని రక్తం ఎంతో తెలియాలంటే, రకరకాల ఇళ్లలో, రకరకాల ఆవులకు పుట్టిన దాని దూడలను చూడాలి.

లెక్క ఇలా అర్థం చేసుకోండి. ఒళ్లు పెరగడం వంటి గుణంలో పశువుకూ పశువుకూ ఉన్న తేడాలో సుమారు 30 శాతం మాత్రమే తరానికి అందే రక్తానిదని అనుకుందాం. ఒక కోడె తన తోటి కోడెల కంటే 60 కిలోలు ఎక్కువ తూగితే, అందులో రక్తానిది 18 కిలోలు. దాని దూడకు అందేది అందులో సగం, 9 కిలోలు. బహుమతి మైదానంలో కనిపించిన 60 కిలోలకు డబ్బు పెట్టి, ఇంటికి 9 తెచ్చుకుంటున్నాం. ఇదే గుణానికి ఐదారు దూడలను చూస్తే, కోడెనే తూచి చూసినంత నమ్మకం కుదురుతుంది. ఇరవై దూడలు చూస్తే అంతకంటే ఎంతో ఎక్కువ.

పోల్చేటప్పుడు నియమం ఒకటే: అదే ఊరు, అదే వయసు, అదే కాలంలో పుట్టిన వేరే ఆబోతు దూడల పక్కన నిలబెట్టి చూడాలి. సాగర్ కాలువ కింద పచ్చిగడ్డి తిన్న దూడను దేవరకొండ గుట్టల్లో మేసిన దూడతో పోల్చి ఆబోతును మెచ్చుకుంటే అది కాలువను మెచ్చుకున్నట్టే.

కాటా లేకపోతే టేపు చాలు. ముందుకాళ్ల వెనక నుంచి రొమ్ము చుట్టుకొలత, భుజం మొన నుంచి పిర్ర ఎముక దాకా పొడవు అంగుళాల్లో తీసుకోండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోలు దాదాపుగా వస్తాయి. చుట్టుకొలత 60, పొడవు 52 అయితే సుమారు 284 కిలోలు.

వయసును నోటి మాట మీద కాకుండా పళ్లతో చూడండి. పాలపళ్లు ఊడి వచ్చే కొత్త పళ్లలో మొదటి రెండు రెండు రెండున్నర ఏళ్లకు, నాలుగు మూడేళ్ల దరిదాపుకు, ఆరు మూడున్నర నాలుగుకు, నోరు నిండడం నాలుగున్నర ఐదుకు. పాలపళ్ల విభాగంలో గెలిచిన దూడకు లోపల కొత్త పన్ను కదులుతుంటే, ఆ గెలుపు విలువ ఎంతో మీరే ఆలోచించుకోండి.

యజమాని చూపించేవి మంచి దూడలే ఉంటాయి. అది మోసమని నేననను, ఎవరి పిల్లలు వాళ్లకు ముద్దు. మనం అడగాల్సింది మిగతావాటి సంగతి. అంగడికి పోయినవి, అరకలో పడ్డవి, పుట్టినప్పుడే పోయినవి, కాలు వంకరగా పుట్టినవి. "అన్నా, పోయినేడు పుట్టినవన్నీ ఎక్కడున్నయ్?" అని అడిగి, పేర్లు రాసుకుని, ఒక రోజు బండి మీద తిరగండి. ఎనిమిది దూడల్లో ఆరు ఒక మోస్తరుకు పైన ఉన్న ఆబోతును, ఒకటి అద్భుతంగా ఉండి ఏడు తేలిపోయిన ఆబోతు కంటే నేను మేలని ఎంచుతాను. ఆ ఒక్కటి తల్లి వల్ల వచ్చి ఉండొచ్చు.

ఇప్పుడు కోడె దగ్గరికి

మెత్తటి మట్టిలో నడిపించండి. ముందు డెక్క పడ్డచోటనో, దానికి దగ్గరగానో వెనక డెక్క పడాలి. వెనక నుంచి చూస్తే మోకాళ్లు లోపలికి వాలకూడదు. డెక్కలు విచ్చుకుని, ముందుకు సాగి ఉంటే దాణా ఎక్కువై వచ్చిందా, పుట్టుకతో ఉందా అని దూడల కాళ్లతో తేల్చుకోవాలి. వట్టలు రెండూ సమానంగా, వయసుకు తగ్గ పరిమాణంలో ఉండాలి. అవి బాగా ఎదిగిన ఆబోతుల పెయ్యలు తొందరగా ఎదకు వస్తాయన్నది పశుశాస్త్రంలో స్థిరపడ్డ విషయం.

ఒంటి మీది వెంట్రుకల సుళ్ల గురించి అందరూ అడుగుతారు. సుడి బాగాలేదని వెనక్కి పోయిన మంచి కోడెలను నేను కళ్లారా చూశాను. ఏ సుడి వల్లా దూడ కాళ్లు మారవు. మీ ఇంట్లో పెద్దలకు పట్టింపు ఉంటే వాళ్ల మాట కాదనకండి, కానీ మీ లెక్కలో దాన్ని కలపకండి.

బ్రుసెల్లా (చూలు పోగొట్టే అంటుజబ్బు), క్షయ పరీక్షలు, వీర్యం పరీక్ష పశువైద్యుడితో చేయించాకే బయానా ఇవ్వండి.

రక్తం మరీ దగ్గరైతే

పేరున్న ఆబోతు ఒకటి దొరికితే చుట్టుపక్కల ఊళ్లన్నీ దానితోనే కట్టిస్తాయి. నాలుగేళ్లకు మీ పెయ్య, మీరు తెచ్చే కోడె ఒకే తండ్రి బిడ్డలవుతాయి. తండ్రీకూతుళ్లను కలిపితే పుట్టే దూడలో దగ్గరి రక్తం 25 శాతం, ఒకే తండ్రి బిడ్డలను కలిపితే 12.5, అన్నదమ్ముల పిల్లలనైతే 6.25. ఆబోతులో దాగిన లోపం ఏదైనా ఉంటే, దాని సొంత కూతుళ్లకు దానితోనే పుట్టే దూడల్లో సగటున ఎనిమిదింటికి ఒకదానిలో బయటపడుతుంది. గెలిచిన గుణాన్ని నిలబెట్టుకోవాలని దగ్గర రక్తం కలిపేవాళ్లు చేస్తున్న పని తెలిసి చేయాలి. నేనైతే 6.25 దాటనివ్వను. మొదట్లో కాగితం మీద వేసిన గళ్లు పనికొచ్చేది ఇక్కడే.

పొడ తూర్పుకు వస్తే ఈ జాగ్రత్త రెండింతలు కావాలి. అమ్రాబాద్, అచ్చంపేట నల్లమల అంచుల్లో పెరిగే ఈ మచ్చల పశువు తెలంగాణ నుంచి జాతీయ గుర్తింపు పొందిన మొదటి పశుజాతి. మందలు తక్కువ. కురుమూర్తి జాతరలో కోడె దొరికితే, అది ఏ తండా మందదో, ఆ మందలో ఆబోతును ఎన్నేళ్లకు మారుస్తారో అడగండి. దాని విలువ ఒళ్లు మెరుపులో చూడొద్దు. ఎండలో, రాళ్ల నేలలో, తక్కువ మేత మీద ఎంతసేపు నడుస్తుందన్నది చూడాలి. దాణా పెట్టి ఒంగోలులా లావెక్కించిన పొడ తూర్పును చూసి ధర పెంచేవాళ్లు ఆ జాతికి మేలు చేయడం లేదు.

చివరగా మీ ఆవును చూసుకోండి. దాని లోపం ఏదో అదే లోపం ఉన్న వంశాన్ని, ఎంత పేరున్నదైనా, తేవద్దు. వీలైతే కోడెను కొనే ముందు రెండు మూడు ఆవులను దానితో కట్టించి, దూడలు వచ్చాక ధర మాట్లాడండి. పుట్టిన ప్రతి దూడకూ ఒక వరుస రాయండి: తల్లి, తండ్రి, తేదీ, మూడు నెలలకు చుట్టుకొలత, ఏడాదికి చుట్టుకొలత, కాళ్లు, గుణం. చచ్చిపోయిన దూడ వరుసను కొట్టేయకండి, పక్కన కారణం రాసి ఉంచండి.