ఒపీనియన్ ఎస్సే: ఇంగ్లిష్ బాగానే ఉన్నా మార్కులు ఎందుకు కదలవు?

ఇంగ్లిష్ పరీక్షల్లో ఒక ప్రశ్న మీద మీ అభిప్రాయం చెప్పి, కారణాలతో ఒప్పించమనే వ్యాసమే ఒపీనియన్ ఎస్సే. ఇంట్రడక్షన్, రెండు మూడు బాడీ పేరాలు, కన్‌క్లూజన్ అనే దాని చట్రం మీకు తెలుసనే అనుకుని ఇది రాస్తున్నాను. టెన్సులు, ఆర్టికల్సు ఇక్కడ చెప్పను. అవన్నీ సరిగ్గానే ఉన్నా "చదివితే ఒప్పుకోవాలనిపించట్లేదు" అనే మాట పదే పదే వింటున్నవాళ్ల కోసం ఇది. ఏళ్లుగా ఈ ఎస్సేలు దిద్దుతున్నాను. మళ్లీ మళ్లీ కనిపించేవి నాలుగైదు సమస్యలే.

అన్నిటికంటే ముందు చూడాల్సింది

ఒక కాగితం మీద ప్రశ్న రాయండి. మీ అభిప్రాయం చెప్పిన వాక్యాన్ని ఎస్సేలోంచి తీసి దాని కింద రాయండి. రెండూ వరసగా పైకి చదవండి. కింది వాక్యం పై ప్రశ్నకు జవాబేనా?

ఇది అర నిమిషం పని. చాలామంది ఇది చెయ్యకుండానే నేరుగా వొకాబులరీ పుస్తకాలు తెరుస్తారు. అది చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. "ప్రభుత్వం రోడ్ల కంటే రైళ్ల మీద ఎక్కువ ఖర్చు పెట్టాలి, మీరు ఎంతవరకు ఒప్పుకుంటారు?" అని అడిగితే, రైళ్ల వల్ల లాభాల గురించి మూడు పేరాలు వస్తాయి. రోడ్ల ఊసే ఉండదు. అడిగింది రైళ్లు మంచివా అని కాదు, ఉన్న డబ్బు దేనికి ముందు వెళ్లాలి అని. ప్రశ్నలోని "కంటే" అనే చిన్న మాట ఎస్సేలో ఎక్కడా లేకపోతే, ఎంత అందంగా రాసినా అది వేరే ప్రశ్నకు జవాబే.

అలాగే "ఎంతవరకు ఒప్పుకుంటారు" అన్నదీ, "రెండు వైపుల వాదనలూ చర్చించి మీ అభిప్రాయం చెప్పండి" అన్నదీ ఒకటి కావు. రెండోదాంట్లో ఒక వైపు వదిలేస్తే సగం జవాబు రాయనట్టే.

ఇక్కడ తేడా ఉంటే కింద చెప్పేవేవీ పనికిరావు. ముందు ఇది సరిచేసి రండి.

లక్షణం: "ఇంతకీ నీ అభిప్రాయం ఏంటి?" అని అడుగుతున్నారు

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. "ఆన్ ది వన్ హ్యాండ్" అంటూ ఒక పేరా, "ఆన్ ది అదర్ హ్యాండ్" అంటూ ఇంకో పేరా సమానంగా రాసి, కన్‌క్లూజన్‌లో "రెండింటికీ లాభనష్టాలున్నాయి" అని ముగించడం. ఏ పక్షమూ పట్టకపోతే తప్పు పట్టరనే ధైర్యం దీని వెనక ఉంటుంది.

అభిప్రాయాన్ని ఇంట్రడక్షన్ చివరి వాక్యంలోనే చెప్పేయండి. కొంతవరకే ఒప్పుకుంటానంటే అదీ చెప్పొచ్చు, కానీ గీత ఎక్కడ గీస్తున్నారో చెప్పాలి. "కొంతవరకు ఒప్పుకుంటాను" అని ఆగిపోతే చాలదు. "పెద్ద నగరాల మధ్య అయితే రైళ్లకే, పల్లెలకు దారి వెయ్యాలంటే మాత్రం రోడ్లకే" అంటే అది అభిప్రాయం.

లక్షణం: పేరా చివరిదాకా చదివితే గానీ పాయింట్ దొరకట్లేదు

ఇది తెలుగువాళ్లకు సహజంగా వచ్చే సమస్య. మనం కారణం ముందు చెప్పి, "కాబట్టి" అని, అసలు మాట చివర్లో చెప్తాం. క్రియ కూడా వాక్యం చివరే వస్తుంది. వినేవాళ్లు అక్కడిదాకా ఆగుతారు, మనకది మర్యాద కూడా. ఇంగ్లిష్ ఎస్సే చదివేవాళ్లు మాత్రం పేరా మొదటి వాక్యంలోనే పాయింట్ కోసం వెతుకుతారు. అది కనబడకపోతే మిగతా వాక్యాలు ఎందుకు చదువుతున్నారో వాళ్లకే తెలియదు.

దీనికి మందు చాలా సులువు. పేరా మొత్తం మీ అలవాటు ప్రకారమే రాసేయండి. తర్వాత చివరి వాక్యాన్ని తీసి మొదట పెట్టండి. పదిలో ఎనిమిది పేరాలు ఈ ఒక్క మార్పుతోనే దారిలో పడతాయని నా అనుభవం. అలవాటయ్యాక నేరుగా అలాగే రాయడం వచ్చేస్తుంది.

లక్షణం: తప్పుల్లేవు, మంచి పదాలున్నాయి, అయినా "డెవలప్ చెయ్యలేదు" అంటున్నారు

ఇది నన్ను కూడా చాలాకాలం మోసం చేసింది. పైకి ఏ లోపమూ కనబడదు.

ఒక అమ్మాయి ఎస్సేలు ఆరు వారాలు దిద్దాను. లింకింగ్ వర్డ్స్ మార్చాను, ఆర్టికల్స్ సరిచేశాను, వాక్యాలు విడగొట్టాను. వారం వారం భాష మెరుగవుతోంది, స్కోరు మాత్రం ఉన్నచోటే ఉంది. తనకి టెన్షన్, నాకు అంతకంటే ఎక్కువ. చివరికి ఒకరోజు కాగితం బోర్లించి, "ఈ పేరాలో ఏం చెప్పావో నాకు తెలుగులో చెప్పమ్మా" అన్నాను.

"హోంవర్క్ పిల్లలకి మంచిది కాదండీ."

"ఎందుకు?"

"ఎందుకంటే... దానివల్ల పిల్లలకి నష్టం."

అక్కడ ఆగిపోయింది. సమస్య ఎక్కడుందో ఆ క్షణంలోనే ఇద్దరికీ అర్థమైంది. ఆరు వారాలు నేను దిద్దింది భాషనే. లేనిది కారణం.

ఆ పేరాలోని వాక్యాలు తెలుగులో పెడితే ఇలా ఉంటాయి: "హోంవర్క్ పిల్లలకు హానికరం. ఎందుకంటే అది వాళ్ల మీద చెడు ప్రభావం చూపుతుంది. అంతేకాక, దానివల్ల లాభం కంటే నష్టమే ఎక్కువ. ఉదాహరణకు చాలామంది పిల్లలు హోంవర్క్ వల్ల ఇబ్బంది పడుతున్నారు. కాబట్టి హోంవర్క్ పిల్లలకు మేలు చెయ్యదు." ఐదు వాక్యాలు, చెప్పింది ఒక్క మాట. ఇంగ్లిష్‌లో మాత్రం హార్మ్‌ఫుల్, నెగటివ్ ఇంపాక్ట్, డెట్రిమెంటల్ అని ప్రతి వాక్యంలో కొత్త పదం ఉంది. పదం మారింది కాబట్టి ఆలోచన కూడా ముందుకు కదిలినట్టు రాసినవాళ్లకీ అనిపించింది, దిద్దిన నాకూ అనిపించింది.

ఇది బాగా కష్టపడి చదివేవాళ్లకే ఎక్కువగా తగులుకుంటుంది. ఒకే వాక్యాన్ని నాలుగు రకాలుగా తిప్పి రాయడం మనమే నేర్పిస్తాం. ఇంట్రడక్షన్‌లో ప్రశ్నను సొంత మాటల్లో చెప్పడానికి ఆ విద్య కావాలి. కానీ అదే అలవాటు బాడీ పేరాలోకి వచ్చేసరికి, "బికాజ్" తర్వాత కారణం రావాల్సిన చోట అభిప్రాయమే వేషం మార్చుకుని కూర్చుంటుంది.

దీన్ని పట్టుకోవడానికి రెండు పరీక్షలు వాడతాను. మొదటిది పైన చెప్పిందే: పేరాను మూసేసి తెలుగులో ఒక్క వాక్యంలో చెప్పండి. పరాయి భాషలో పదాల మెరుపు మనల్ని ఏమారుస్తుంది. తెలుగులో "మంచిది కాదు, ఎందుకంటే నష్టం" అని పైకి అంటే, అందులో ఏమీ లేదని మన చెవికే తెలిసిపోతుంది.

రెండోది ఇంకా గట్టిది. మీతో ఒప్పుకోని మనిషి ఎదురుగా ఉన్నాడనుకోండి. మీ అభిప్రాయం ఒప్పుకోకుండానే, మీ కారణాన్ని మాత్రం అతను "అది నిజమే" అనగలడా? "హోంవర్క్ వల్ల నష్టం" అనే మాట హోంవర్క్ కావాలనేవాడు ఎప్పటికీ ఒప్పుకోడు, ఎందుకంటే గొడవే అది. ఇప్పుడు ఇది చూడండి: "ఇంట్లో లెక్క తప్పు చేసిన పిల్లవాడికి అది తప్పని మర్నాటిదాకా చెప్పేవాళ్లు ఉండకపోవచ్చు." హోంవర్క్ కావాలనేవాడు కూడా దీన్ని కాదనలేడు. అతను తలూపిన చోటునుంచి మీ వైపు నడిపించుకు రావచ్చు. ఒప్పించడం అంటే నాకు తెలిసి ఇదే.

ఇక రిపేరు. పేరాలో "మంచిది", "చెడ్డది", "ముఖ్యం", "ప్రభావం" లాంటి మాటల కింద గీత గీయండి. గీసిన ప్రతి చోటా మూడు ప్రశ్నలు అడగండి: ఎవరికి? ఎప్పుడు? ఏం జరిగి అలా అవుతుంది? మూడోదే అసలు ప్రశ్న. ఆ అమ్మాయి ఇలా తిరగరాసింది:

"హోంవర్క్ తప్పుల్ని అలవాటుగా మార్చగలదు. ఒక పిల్లవాడు భాగహారంలో మొదటి లెక్కలోనే ఒక మెట్టు మర్చిపోయాడనుకుందాం. క్లాసులో అయితే టీచర్ వెంటనే చూసి ఆపుతుంది. ఇంట్లో మాత్రం మిగతా పంతొమ్మిది లెక్కలూ అదే తప్పు పద్ధతిలో చేస్తాడు. మర్నాడు నోటు దిద్దేసరికి, ఆ తప్పు ఇరవైసార్లు సాధన చేసిన పద్ధతి అయిపోతుంది."

పదాలన్నీ మామూలువే. ఇంగ్లిష్‌లో రాసినప్పుడు కూడా స్టెప్, మిస్టేక్, ప్రాక్టీస్ లాంటి రోజూ వాడేవే వచ్చాయి. డెట్రిమెంటల్ ఎక్కడా లేదు. అయినా ప్రతి వాక్యం తర్వాత ఒక కొత్త సంగతి తెలుస్తోంది. విదేశాల్లో చదువుకో, ఉద్యోగానికో వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్. దాని రైటింగ్‌లో గ్రామర్‌కు పావు, పదజాలానికి పావు వెయిటేజీ. మిగతా సగం ప్రశ్నకు ఎలా జవాబిచ్చారు, ఆలోచన ఎలా అల్లుకుపోయింది అన్నవాటికే. ఆ సగాన్ని సినానిమ్స్‌తో సంపాదించలేం.

ఈ జబ్బే ఇంకో రెండు రూపాల్లో వస్తుంది. ఒకటి, ఉదాహరణ పేరుతో. "ఉదాహరణకు చాలామంది ఇబ్బంది పడుతున్నారు" అన్నది ఉదాహరణ కాదు, అదే వాదన మళ్లీ చెప్పడం. ఒక మనిషి, ఒక సందర్భం, ఒక ఫలితం కనబడాలి. రెండోది, రెండు కారణాలు నిజానికి ఒకటే కావడం. "హోంవర్క్ వల్ల ఖాళీ సమయం ఉండదు" అని ఒక పేరా, "ఆడుకోవడానికి వీలుండదు" అని ఇంకో పేరా. రెండోది మొదటిదాని కొమ్మే. ఒకదాన్ని కొట్టేస్తే రెండోది కూడా పడిపోతుందా అని చూడండి. పడిపోతే రెండూ ఒకే పేరాలో ఉండాలి, ఇంకో కారణం వెతుక్కోవాలి. కేంబ్రిడ్జ్ బి2 ఫస్ట్ అనే ఇంకో ఇంగ్లిష్ పరీక్ష ఎస్సేలో రెండు పాయింట్లు ప్రశ్నలోనే ఇచ్చి మూడోది మీ సొంతంగా రాయమంటారు. అక్కడ ఈ తప్పు చాలా సులువుగా జరుగుతుంది: ఇచ్చిన రెండింటిలో ఒకదాన్నే మాట మార్చి మూడోదిగా రాసేస్తారు.

కారణం దొరకలేదని "ఒక సర్వే ప్రకారం ఎనభై శాతం" అని అంకెలు పుట్టించకండి. లేని సర్వే కంటే భాగహారం తప్పు చేసిన పిల్లవాడే ఎక్కువ నమ్మకం కలిగిస్తాడు.

లక్షణం: వాక్యాలు విడివిడిగా ఉన్నాయి, అతుకులు కనబడుతున్నాయి

మోర్‌ఓవర్, ఫర్దర్‌మోర్, ఇన్ అడిషన్ అన్నీ ఒకసారి కొట్టేసి చదవండి. అర్థం అలాగే నిలిస్తే, వాటిలో అవసరమైన ఒకటి రెండు మాత్రం తిరిగి పెట్టండి. అర్థం చెదిరిపోతే లోపం లింకింగ్ వర్డ్స్‌లో లేదు, వాక్యాల వరసలో ఉంది. ముందు వాక్యం చివర వచ్చిన సంగతితో తర్వాతి వాక్యం మొదలుపెట్టి చూడండి, చాలా అతుకులు వాటంతటవే కలిసిపోతాయి.

లక్షణం: ఎదుటి వాదన రాశాక అదే బలంగా కనబడుతోంది

ఎదుటివాళ్ల మాట చెప్పడం మంచిదే, కానీ వాళ్లకి చివరి మాట ఇవ్వకూడదు. "హోంవర్క్ తప్పుల్ని పెంచుతుంది, అయితే అది క్రమశిక్షణ నేర్పుతుంది" అని ముగిస్తే చదివేవాళ్ల మనసులో మిగిలేది క్రమశిక్షణే. తిప్పండి: "హోంవర్క్ క్రమశిక్షణ నేర్పుతుందన్నది నిజమే అయినా, తప్పును సాధన చేయించే క్రమశిక్షణతో పిల్లవాడికి లెక్కలు రావు." ఇంగ్లిష్‌లో ఈ "అయినా"కి ఆల్దో వాడతాం: ఎదుటి మాట ఆల్దో భాగంలో, మీ మాట అసలు వాక్యంలో. ఇంకొకటి: ఆల్దోతో మొదలుపెట్టిన వాక్యం మధ్యలో మళ్లీ బట్ పెట్టకండి. తెలుగులో "అయినప్పటికీ... కానీ" అని చెల్లిపోతుంది, ఇంగ్లిష్‌లో అది తప్పు.

లక్షణం: టైమ్ చాలట్లేదు

ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో ఎస్సే ప్రశ్న అయిన టాస్క్ 2కి కనీసం 250 పదాలు రాయాలి, దానికి సుమారు 40 నిమిషాలు తీసుకోమంటారు. మొదటి ఐదు నిమిషాలు పెన్ను ఎస్సే మీద పెట్టకండి. అభిప్రాయం ఒక వాక్యం, కారణాలు రెండు, ఒక్కోదానికి "ఏం జరిగి?" అనే ప్రశ్నకు జవాబు. ఇవి తెలుగులో గీసుకున్నా ఫర్వాలేదు. రాస్తూ రాస్తూ కారణం వెతుక్కునేవాళ్లకే టైమ్ చాలదు.

మిగతావి

కన్‌క్లూజన్‌లో కొత్త కారణం వచ్చిందంటే దాన్ని బాడీలోకి పంపండి లేదా తీసేయండి. డోంట్, కాంట్ లాంటి కుదింపు రూపాలు విడగొట్టి రాయండి. చేతిరాత, ఇంట్రడక్షన్ ఎన్ని లైన్లు, పేరాలు నాలుగా ఐదా అన్నవాటి గురించి దిగులు పడేవాళ్లు చాలామంది ఉన్నారు. చదవడానికి వీలుగా ఉంటే చేతిరాత చాలు, రెండు మూడు వాక్యాలు ఇంట్రడక్షన్‌కి చాలు, నాలుగైనా ఐదైనా పేరాకి ఒక పాయింట్ ఉంటే చాలు.