పాత కలపలోని మేకులను గాలి యంత్రంతో తీయడం ఎలా?

గుంటూరు బ్రాడీపేటలోనో, విజయవాడ సత్యనారాయణపురంలోనో ఒక పాత పెంకుటిల్లు పడగొడితే ఆ సాయంత్రానికే దూలాలు, వాసాలు, రీపర్లు లారీ ఎక్కుతాయి. ఏళ్ల తరబడి కప్పు కింద ఎండి, ఇక వంగడం, మెలిపడడం మానేసిన టేకు అది. ఇప్పుడు కొత్తగా కొనే లేత టేకులో ఆ చేవ ఉండదు. అలాంటి చెక్కను తెచ్చుకుని, గడ్డపలుగుతో మేకులు పెరికి, అంచులన్నీ నలగగొట్టి, చివరికి "పాత చెక్క ఇంతే" అని పొయ్యిలో పెట్టేవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మేకును పెరకకూడదు. అది వచ్చిన దారినే వెనక్కి పంపాలి. ఆ పనిని గాలితో నడిచే డీనైలర్ చేసినంత శుభ్రంగా మరొకటి చేయదు.

డీనైలర్ చూడడానికి మేకులు కొట్టే గన్‌లా ఉంటుంది కానీ అందులో మేకులు ఉండవు. ముందు సన్నని గొట్టంలాంటి ముక్కు, దాని లోపల ఒక ఉక్కు కడ్డీ ఉంటాయి. ట్రిగ్గర్ నొక్కితే గాలి ఆ కడ్డీని తోస్తుంది, కడ్డీ మేకు మొనను కొడుతుంది, మేకు తల వైపు నుంచి బయటికి వస్తుంది. 2 హెచ్‌పీ కంప్రెసర్, 50 లీటర్ల ట్యాంకు ఇంటి పనికి చాలు. కంప్రెసర్ నుంచి గాలి తెచ్చే గొట్టాన్ని యంత్రానికి బిగించే కప్లింగ్ కుదరకపోతే విజయవాడ ఆటోనగర్‌లో సరిపడేది దొరుకుతుంది. కళ్లద్దాలు, చెవులకు మూతలు, బూట్లు తప్పనిసరి. ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకుని 10 ఏళ్లు దాటి ఉంటే ముందు ఆ పని చూడండి. ట్యాంకు అడుగున ఉన్న కుళాయి తిప్పి నీరు వదిలేయండి. మన ఉక్కపోతకు అందులో నీరు చేరుతూనే ఉంటుంది, అది యంత్రంలోకి వెళ్తే లోపల తుప్పు పడుతుంది. యంత్రంలోకి గాలి వెళ్లే చోట రెండు మూడు చుక్కల నూనె వేయండి.

చెక్కను రెండు బల్లల మీద అడ్డంగా, మేకుల మొనలు పైకి ఉండేలా పెట్టండి. కింద మట్టి నింపిన గోనెసంచి ఉండాలి. చెక్కను నేల మీద పరిచి యంత్రం ఆనిస్తే మేకు ఎటు పోతుంది? తల కింద దారి లేక లోపలే వంకర తిరుగుతుంది.

ఇక అందరూ పాడుచేసేది ముక్కును మేకు మీద ఆనించే దగ్గరే. పాత ఇళ్లలో వడ్రంగులు మేకు దిగాక మొనను పక్కకు వంచి చెక్కలోకి కొట్టేసేవారు. ఆ వంకరతోనే యంత్రం ఆనిస్తే కడ్డీ మొన పక్కన పడి చెక్కలో గుంట పెడుతుంది. ముందు సన్నని ఉలితో మొనను లేపి, పట్టకారుతో నిటారుగా చేయండి. తొందరపడవద్దు. నేను ఒక రీపరు మీద అయిదు నిమిషాలు మొనలు సరిచేయడానికే పెడతాను, కొట్టడానికి ఒక్క నిమిషం కూడా పట్టదు. మొన అంగుళం కంటే పొడవుగా బయటికి ఉంటే కట్టర్‌తో కత్తిరించి పొట్టి చేయండి. పొడవాటి మేకు దెబ్బకు నడుమున వంగిపోతుంది.

తరువాత సుత్తితో మొన మీద ఒక్క చిన్న దెబ్బ వేయండి. ఇది ఎవరూ చెప్పరు. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది. ఆ ఉబ్బే మేకును చెక్కలో బిగించి పట్టుకుంటుంది. చిన్న దెబ్బకు ఆ పట్టు సడలుతుంది, కొన్నిసార్లు కిర్రుమనే శబ్దం కూడా వినిపిస్తుంది. అది వినిపించిందంటే సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడు మొన ముక్కు లోపలికి పూర్తిగా వెళ్లేలా యంత్రాన్ని ఆనించండి. చెక్కకు నిటారుగా కాదు, మేకు ఎటు వాలి ఉంటే అటే. ఈ రెండూ ఒకటి కావు. వాసానికి రీపరు కొట్టేటప్పుడు వడ్రంగి ఏటవాలుగా కొట్టి ఉండవచ్చు. పక్క నుంచి కిందికి వంగి చూడండి, తల ఎక్కడుందో మొన ఎక్కడుందో కలిపి గీత ఊహించుకోండి, యంత్రం ఆ గీతలో ఉండాలి. గట్టిగా నొక్కి పట్టుకుని, ట్రిగ్గర్ ఒక్కసారే నొక్కి వదలండి. చెక్క కింద చెయ్యి పెట్టి పట్టుకోవడం, ఎదురుగా పిల్లలు నిలబడడం ఎట్టి పరిస్థితిలోనూ జరగకూడదు. మేకు తూటాలా దూసుకుపోగలదు. ముక్కులో ఏదైనా ఇరుక్కుంటే గాలి గొట్టం విప్పాకే వేలు పెట్టండి.

ప్రెషర్ చదరపు సెంటీమీటరుకు 5 కిలోలతో మొదలుపెట్టి, కదలకపోతేనే 7 వరకు పెంచండి. 7 కిలోలంటే దాదాపు 100 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). యంత్రం మీద రాసిన హద్దు దాటవద్దు. మేకు మొత్తం ఒక్క దెబ్బకే ఎగిరిపోవాలని చూడకండి. తల అంగుళం బయటికి వస్తే చాలు, చెక్క తిప్పి, సుత్తి కింద చిన్న చెక్క ముక్క పెట్టి లాగేయండి. ఒక్క దెబ్బతో తీస్తే లోపలికి దిగిపోయిన తల తనతో పాటు చెక్క పెచ్చును కూడా ఎత్తుకుపోతుంది. రీపరు చివరల దగ్గరైతే చీలిక కూడా వస్తుంది.

మొన బయటికి రాని మేకుకు ఈ యంత్రం పనికిరాదు. తల చుట్టూ సన్నని ఉలితో కొద్దిగా తవ్వి పట్టకారుతో తీయాల్సిందే. కొందరు గ్రైండర్‌తో మేకును చెక్క మట్టానికి కోసేసి పని అయిందంటారు. లోపల మిగిలిన ఇనుము ఎక్కడికీ పోదు. అలా కోసి అమ్మిన ఒక గుమ్మం చెక్కను నేను చిత్రిక యంత్రంలో పెట్టాను. మూడు బ్లేడ్ల అంచులూ ఒకే చోట పెచ్చులూడాయి, ఆ తరువాత తీసిన ప్రతి పలక మీదా ఆ గీత పడింది.

అందుకే చివర అయస్కాంతం. పాత స్పీకరులోది తీసి దారానికి కట్టి చెక్క మీద ఆనీ ఆననట్టు మెల్లగా లాగండి. లోపల మేకు ముక్క ఉన్న చోట దారం పక్కకు వంగుతుంది. అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి. రంధ్రం చుట్టూ నల్లని మచ్చ మాత్రమే ఉండి అయస్కాంతం కదలకపోతే భయం లేదు. అది ఇనుము, చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థం కలిసి పట్టిన రంగు. నేనైతే ఆ మచ్చను చిత్రికతో తీయను. దారం ఒక్కసారి వంగినా సరే, ఆ చెక్కను చిత్రిక యంత్రం దగ్గరికి తీసుకువెళ్లకండి.