మన పెంటకుప్ప – 3వ పాఠం: గడ్డపారతో వేడి చూసుడు

పోయిన పాఠం ప్రకారం నరికిన పత్తి కట్టె, వరిగడ్డి, పచ్చి ఆకు పొరలుగా పరిచి, పెండ నీళ్లు చల్లి చెట్టు నీడన ఎరువు కుప్ప పెట్టారు కదా. నాలుగైదు రోజులు ఆగి గడ్డపారను కుప్ప నడుమ దాకా దింపండి. పది నిమిషాలాగి తీసి, కొన పట్టుకోండి. చెయ్యి కాలి వెంటనే వదిలేస్తే కుప్ప బాగా నడుస్తోంది. గోరువెచ్చగానే ఉంటే కుళ్లే పని మొదలు కాలేదు.

ముందు తడి చూడాలి. వరంగల్ ఎండలకు కుప్ప పైన తడిగా కనిపించినా లోపల పొడిబారుతుంది. నడుమ నుంచి పిడికెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందున ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కారితే నీళ్లు ఎక్కువైనట్టు, అరచెయ్యి తడవకపోతే తక్కువైనట్టు. పైన పోసిన నీళ్లు పక్కలకు జారిపోతాయి, గడ్డపారతో బొక్కలు చేసి వాటిలో పోయండి.

తడి సరిపోయినా వేడెక్కలేదా? నత్రజని చాలలేదు. కుప్ప మొత్తంలో ఒక పాలు నత్రజనికి 25–30 పాళ్ల కర్బనం ఉంటే సూక్ష్మజీవులకు హాయి. పత్తి కట్టెలో, వరిగడ్డిలో కర్బనం అంతకు మించి ఉంటుంది. చిక్కటి పెండ నీళ్లు పోయండి, లేదా టన్ను కట్టెకు ఐదు కిలోల లెక్కన యూరియా కలిపిన నీళ్లు. యూరియా ముట్టుకోం అనే వాళ్లతో నాకు పేచీ లేదు, వాళ్లు గ్లైరిసిడియా (గిరిపుష్పం) ఆకు ఎక్కువ వేసుకోవాలి. ముక్కు మండే ఘాటు వస్తే మాత్రం నత్రజని గాలికి పోతున్నట్టే, ఎండుగడ్డి కలపండి.

తిరగేసుడు చాలామంది బద్ధకించే పని. వేడి నడుమనే ఉంటుంది. అంచున పడ్డ గుడ్డికాయల్లో (సరిగా పగలని పత్తి కాయల్లో) గులాబీ రంగు పురుగు బతికే ఉంటుంది, గడ్డి విత్తనాలూ అంతే. అందుకే వేడి తగ్గుతుండగా, సుమారు రెండు వారాలకు, అంచుది లోపలికి, లోపలిది బయటికి వచ్చేలా పారతో తిరగేయండి. ఊరికే కలబెడితే లాభం లేదు. లోపల తెల్లటి బూజు కనిపిస్తే బెదరకండి. అది పొడిగా, బూడిదలా రాలితేనే నీళ్లు కావాలి.

తిరగేసిన నాలుగు రోజులకు మళ్లీ గడ్డపార దింపి, వేడి ఎట్లుందో రాసి పెట్టుకోండి. ఫిబ్రవరిలో పెట్టిన కుప్ప మృగశిర కార్తెకు అందాలంటే రెండోసారి ఎప్పుడు తిరగేయాలో, చల్క నేలకు (ఎర్ర నేలకు) ఎంత ఎరువు తోలాలో నాలుగో పాఠంలో చూద్దాం.