ఇంట్లో కంప్యూటర్ మీద ఆర్కెస్ట్రా మ్యూజిక్ ఎలా చేయాలి?

మేముండేది చెన్నైలో, సాలిగ్రామంలో. మా పైఇంట్లో ఒక నెల్లూరు పెద్దాయన ఉంటారు, ఒకప్పుడు కోడంబాక్కం సినిమా రికార్డింగుల్లో వయొలిన్ సెక్షన్లో వాయించిన మనిషి. నా మొదటి ఆర్కెస్ట్రా ట్రాక్ ఆయనకి వినిపించాను, 40 ట్రాకులు, బోలెడు డ్రమ్ములు, నా లెక్కలో అదిరిపోయింది. ఆయన కళ్ళు మూసుకుని మొత్తం విని, "బానే ఉంది గానీ బాబూ, నీ ఫ్లూటాయన ఊపిరెప్పుడు పీల్చుకుంటాడు?" అన్నారు. చూస్తే నిజమే, 16 బార్లు (ఒక బార్ అంటే సాధారణంగా నాలుగు బీట్ల ముక్క) ఆపకుండా ఊదించేశా పాపం. తర్వాత నేను నేర్చుకున్నదంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది, అందుకే ఇక్కడ సాఫ్ట్‌వేర్ సంగతి తక్కువ, ఆ సంగతి ఎక్కువ.

స్టెప్ 1: సామాను

16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్ అయితే హాయి, 8 జీబీతో కూడా మొదలెట్టేయొచ్చు. రీపర్ వేసుకోండి, ట్రాకులు రికార్డ్ చేసి కలిపే సాఫ్ట్‌వేర్ అది, 60 రోజులు ఊరికే వాడి చూడొచ్చు, నచ్చితే పర్సనల్ లైసెన్స్ 60 డాలర్లు. వాయిద్యాలకి స్పిట్‌ఫైర్ వాళ్ళ బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా డిస్కవర్ ఫ్రీగా దొరుకుతుంది, సైజు సుమారు 200 ఎంబీయే, అందులో 33 వాయిద్యాలు, లండన్ మైడా వేల్ స్టూడియోస్‌లో అసలు ఆర్కెస్ట్రాని కూర్చోబెట్టి రికార్డ్ చేసినవి. ఇవి రెండూ సరిగ్గా వాడటం వచ్చేదాకా ఇంకేం కొనకండి.

కీబోర్డ్ మాత్రం కావాలి, చిన్నది 25 కీలదైనా చాలు, కానీ మాడ్ వీల్, అంటే పక్కన వేలితో తిప్పే చక్రం, ఉందో లేదో చూసుకుని కొనండి. నేను రిచీ స్ట్రీట్‌లో చవగ్గా వస్తోంది కదాని ఎగబడి తెచ్చుకున్నాక చూస్తే దానికి వీల్ లేదు, ఆర్నెల్లు మౌస్‌తో గీతలు గీసుకుంటూ కూర్చున్నా. వాయిస్తున్నప్పుడు సౌండ్ లేటుగా వస్తుంటే ఆడియో సెట్టింగుల్లో బఫర్ (కంప్యూటర్ సౌండ్‌ని ఎంతెంత ముక్కలుగా పంపాలో చెప్పే అంకె) 128కి తగ్గించండి, మిక్స్ చేసేటప్పుడు చిటపటలొస్తే 512కో 1024కో పెంచేయండి.

స్టెప్ 2: ఎనిమిది బార్లు, అంతే

సింఫనీ వద్దు. ఎనిమిది బార్ల ట్యూన్ చాలు, అది కూడా పియానో సౌండ్‌తోనే ముందు పూర్తి చేయండి. మనకి పాటలు వినీ వినీ రాగం చెవిలో ఉంటుంది కాబట్టి మోహనంతో మొదలెట్టమంటా: స సి మీద పెడితే సి, డి, ఈ, జి, ఏ, ఐదే స్వరాలు. సి మేజర్, ఏ మైనర్ కార్డులు రెండూ ఈ ఐదింట్లోనే సరిపోతాయి. జి మేజర్ దగ్గరే చిక్కు, అందులో బి వస్తుంది, అంటే నిషాదం, మోహనంలో అది లేదు. అక్కడ జి, డి రెండే పెట్టి ఖాళీగా వదిలేయండి, ఆ ఖాళీ కూడా అందంగానే ఉంటుంది.

గమకాలు మాత్రం ఈ రికార్డ్ చేసిన స్వరాలతో, అంటే శాంపిల్స్‌తో పెట్టడానికి ప్రయత్నించకండి. స్వరాన్ని పైకీ కిందికీ జరిపే పిచ్ బెండ్‌తో ఎంత వంచినా వయొలిన్ కాదు, బ్యాటరీ అయిపోతున్న బొమ్మలా ఏడుస్తుంది.

స్టెప్ 3: ఎవరి పని వాళ్ళకి

పియానోలో ఉన్నది ఉన్నట్టు కాపీ చేసి స్ట్రింగ్స్‌లో పడేస్తే ఆర్కెస్ట్రా అయిపోదు. ట్యూన్ ఫస్ట్ వయొలిన్లకి ఇవ్వండి. వయొలిన్ కింది హద్దు మిడిల్ సి కింద ఉన్న జి, వయోలా ఇంకో ఐదు స్వరాలు కిందికి సి దాకా వెళ్తుంది, చెల్లో దానికీ ఇంకో ఆక్టేవ్ (ఒక స్థాయి) కింద. చెల్లో వాయించేదే డబుల్ బేస్ ఒక ఆక్టేవ్ కిందగా వాయిస్తే పునాది గట్టిగా ఉంటుంది. కింద స్వరాల మధ్య దూరం ఎక్కువ ఉంచండి, పైకి పోయేకొద్దీ దగ్గర చేయండి. కింద సి, ఈ పక్కపక్కన పెట్టి చూడండి, వర్షాకాలం వీధిలా బురద బురదగా వినిపిస్తుంది. మధ్యలో హార్న్‌లు కార్డ్ పట్టుకుని ఉంటే చాలు. ఫ్లూట్ వయొలిన్ ట్యూన్‌కి ఒక ఆక్టేవ్ పైన, అదీ రెండోసారి వచ్చేటప్పుడే.

ఇంకోటి, ఫ్లూట్ కింది స్వరాలు చాలా మెత్తగా ఉంటాయి, అసలు హాల్లో ట్రంపెట్ మోగుతుంటే అవి వినబడవు. కంప్యూటర్లో ఫేడర్ (వాల్యూమ్ మీట) ఎత్తేసి వినిపించొచ్చు, కానీ వినేవాళ్ళకి ఎక్కడో తేడా కొడుతుంది, ఎందుకో చెప్పలేరు.

స్టెప్ 4: ప్రాణం పోయడం

అసలు పనంతా ఇక్కడే, నా టైంలో సగం దీనికే పోతుంది. సాగదీసే స్వరాలకి కీ ఎంత గట్టిగా నొక్కారన్నది చాలా శాంపిల్ లైబ్రరీల్లో లెక్కలోకి రాదు, మాడ్ వీల్, అంటే సీసీ 1 అనే కంట్రోల్, దాని విలువే లెక్క, 0 నుంచి 127 దాకా. అది పెరిగితే సౌండ్ పెరగడమే కాదు, స్వరం పదును కూడా మారుతుంది. పొట్టి స్వరాలకి, స్పికాటో (కమాను, అంటే బో, ఎగిరిస్తూ వాయించేది), పిజికాటో (వేలితో మీటేది) లాంటివాటికి, వెలాసిటీ, అంటే కీ నొక్కిన వేగం, పనిచేస్తుంది.

టెంపో 76లో, అంటే నిమిషానికి 76 బీట్లు, నాలుగు బీట్ల స్వరం మూడు సెకన్ల పైనే ఉంటుంది. పైఇంటి మాస్టారు దానికి గాల్లో చెయ్యి జరిపి చూపించారు, బో ఆనించినప్పుడు పల్చగా, మధ్యలో బరువుగా, చివర మళ్ళీ తేలిగ్గా. నేను దాన్నే వీల్ మీద పెట్టా: 45 దగ్గర మొదలు, మూడో బీట్‌కి 80, చివరికి 55. తర్వాతి స్వరం 55 నుంచే ఎత్తుకోవాలి, మళ్ళీ 45కి దూకితే అతుకు కనిపిస్తుంది. ట్యూన్‌లో పెద్ద స్వరం ఒక్కటే ఉంటుంది కదా, దానికి 100 ఇవ్వండి, మిగతావాటికి అంత ఇవ్వకండి. ప్రతి సెక్షన్‌కీ వీల్ విడిగా ఆడించండి, ఒకదాని కర్వ్ ఇంకోదానికి కాపీ కొట్టకండి, బద్ధకం వెంటనే దొరికిపోతుంది.

ఫ్లూట్, హార్న్ లైన్లు మీరే నోటితో పాడుకుంటూ ఎక్కడ గాలి అయిపోయిందో అక్కడ ముందు స్వరాన్ని అర బీట్ కోసేయండి.

స్టెప్ 5: టైమింగ్

క్వాంటైజ్, అంటే స్వరాలని సరిగ్గా బీట్ గీతల మీదికి లాగడం, వంద శాతం చేయొద్దు. శాంపిల్స్‌లో సాగే స్వరాలు మెల్లగా లేస్తాయి కాబట్టి ఆ ట్రాకులని 50 నుంచి 100 మిల్లీసెకన్లు ముందే మొదలయ్యేలా జరపండి, లేదంటే వయొలిన్లు ఎప్పుడూ లేటుగా వస్తున్నట్టే ఉంటుంది. ఫ్రేజ్ చివర టెంపో 76 నుంచి 72కి దించి మళ్ళీ ఎత్తండి.

స్టెప్ 6: మిక్స్

అన్ని ట్రాకులూ హాల్ ప్రతిధ్వని ఇచ్చే ఒకే రివర్బ్‌కి సెండ్ చేయండి, రీపర్‌తో వచ్చే రియావెర్బేట్ మొదట్లో చాలు. రివర్బ్ మీద ఒక ఈక్యూ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉండాలో దిద్దేది) పెట్టి 200 హెర్ట్జ్ కిందది కోసేయండి. వెనక కూర్చునే హార్న్, టింపానీలకి సెండ్ ఎక్కువ, ముందున్న వయొలిన్లకి తక్కువ. మాస్టర్‌లో లిమిటర్ (గట్టి సౌండ్‌ని అణిచేది) పెట్టి నొక్కేయకండి, పీక్ మైనస్ 1 డీబీ దగ్గర ఆగితే చాలు. యూట్యూబ్ సుమారు మైనస్ 14 లఫ్స్ (సౌండ్ గట్టిదనం కొలత) కంటే గట్టిగా ఉన్నదాన్ని ఎలాగూ తగ్గించేస్తుంది, మెత్తటి భాగాలు చంపుకోవడం దండగ. 24 బిట్ వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి.

చెన్నైలో ఉన్నందుకు ఒక లాభం ఉంది, నోటేషన్ చూసి వాయించే వయొలిన్ ప్లేయర్లు ఇక్కడ చాలామంది. ఫస్ట్ వయొలిన్ లైన్ ఒక్కటి ఒక మనిషి చేత వాయించి శాంపిల్స్ మీద కలిపితే మొత్తం సెక్షన్ లేచి కూర్చుంటుంది. మీ స్వరాలున్న మిడీ ఫైల్‌ని ఫ్రీగా దొరికే నోటేషన్ సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్‌లో తెరిచి నోటేషన్ ప్రింట్ తీసివ్వండి, పియానో రోల్ (రీపర్‌లో స్వరాలు గడులుగా కనిపించే చోటు) స్క్రీన్‌షాట్ పంపిస్తే ఎవరూ వాయించరు. మైక్ వయొలిన్‌కి మూడడుగుల పైన పెట్టండి, ఫ్యాన్ ఆపండి, టేక్ పొద్దున్నే తీయండి, ఆరు దాటితే మా వీధిలోకి నీళ్ళ లారీ వచ్చేస్తుంది.