అరబ్బీ చదవడం – 5వ పాఠం: జేర్, జబర్ లేని చోట

కిందటి పాఠం దాకా జేర్, జబర్, పేష్ (హల్లు పక్కన ఇ, అ, ఉ పలకమని చెప్పే గుర్తులు) పెట్టిన వాక్యాలే చదివాం. ఇకనుంచి అవి ఉండవు. దుబాయ్‌లో దుకాణం బోర్డు మీదగానీ, కువైట్ పేపర్లోగానీ ఆ గుర్తులు మామూలుగా పెట్టరు. ఖురాన్ గడగడా చదివేవాళ్లు కూడా పేపరు చేతికిస్తే తడబడేది ఇక్కడే. కాఫ్, తే, బే అని మూడక్షరాలు కనిపిస్తాయి. అది కతబ (రాశాడు) కావచ్చు, కుతుబ్ (పుస్తకాలు) కావచ్చు.

అక్షరాలు కూడబలుక్కుంటే ఇది తేలదు. ధాతువు ఏది, దాన్ని పోసిన మూస ఏది అని చూడాలి. అరబ్బీలో చాలా మాటలకు ధాతువు మూడు హల్లులే. క-త-బ అంటే రాతకు సంబంధించినదేదో. మొదటి హల్లు తర్వాత ఆ, రెండోదాని తర్వాత ఇ వస్తే కాతిబ్, రాసేవాడు. ముందు మ, చివరి హల్లుకు ముందు ఊ వస్తే మక్తూబ్, రాసినది. ముందు మ ఒక్కటే చేరితే మక్తబ్, ఆఫీసు.

ఈ మూసలు మన చెవికి కొత్త కాదు. పారసీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి ఎప్పుడో వచ్చి కూర్చున్నాయి. మామూలు, మంజూరు, మహసూలు అని పైకి అనండి. మూడూ మక్తూబ్ మూసే. అమలుకూ మామూలుకూ ధాతువు ఒకటే. మహసూలుకూ తహసీల్దారులోని తహసీలుకూ ఒకటే. హాజరు కాతిబ్ మూస. (అర్థాలు దారిలో మారాయనుకోండి. మనం ఇచ్చుకునే మామూళ్ల సంగతి అరబ్బులకు ఆ మాటతో తెలియదు.)

ఇప్పుడొక పొడుగాటి మాట: వావ్, బే, అలిఫ్, లామ్, మీమ్, కాఫ్, తే, బే, చివర తే మర్బూతా (మాట చివర మాత్రమే వచ్చే తే, చాలాసార్లు స్త్రీలింగానికి గుర్తు). ముందు అతుకులు తీసేయండి. వావ్ అంటే ‘ఇంకా’, బే అంటే ‘లో’, ఆ తర్వాతది అల్ (ఇంగ్లీషు ‘ద’ లాంటిది). చివరి తే మర్బూతా కూడా పక్కన పెట్టండి. మిగిలింది మీమ్, కాఫ్, తే, బే. మీమ్ తీస్తే మన క-త-బ బయటపడింది. వ బిల్ మక్తబా, ‘ఇంకా లైబ్రరీలో’.

ధాతువుకు వచ్చి చేరే అక్షరాలు పదే. అవి గుర్తుండటానికి అరబ్బీ వ్యాకర్తలు ‘సఅల్తుమూనీహా’ అనే ఒక్క మాటలో కూర్చారు: సీన్, హమ్జా, లామ్, తే, మీమ్, వావ్, నూన్, యే, హే, అలిఫ్. ఈ పదిలో లేని అక్షరం, అతుకులు తీశాక కూడా మిగిలితే, అది దాదాపుగా ధాతువుదే. తిరగేసి మాత్రం అనకండి. మిల్హ్ (ఉప్పు)లో మీమ్ తీసేస్తే రెండే హల్లులు మిగులుతాయి. అక్కడ మీమ్ ధాతువులోదే.

మూస దొరికినా ఒక్కోసారి వాక్యమే తేల్చాలి. మీమ్, దాల్, రే, సీన్, తే మర్బూతా: మదరసా (బడి) అయినా, ముదర్రిసా (పంతులమ్మ) అయినా రాత ఒక్కటే. ముందు ‘కాలత్’ (అన్నది) ఉంటే పంతులమ్మ, ‘ఇలా’ (వైపు) ఉంటే చాలావరకు బడి. అందుకే మాట దగ్గర ఆగిపోకుండా ముందు వెనకలు చూడాలి.

అభ్యాసం: త-బ-ఖ వంట, ల-అ-బ ఆట. వీటిని మక్తబ్ మూసలో పోసి అర్థాలు ఊహించండి. తర్వాత మీమ్, లామ్, కాఫ్ అనే మాటలో మీమ్ అతుకా, ధాతువా చెప్పండి. జవాబులు 6వ పాఠంలో. అలిఫ్ చాటున హల్లు దాక్కున్న మతార్ (విమానాశ్రయం) లాంటివాటి పని కూడా అప్పుడే పడదాం.