షుగర్ ఉన్నవారికి గజ్జల్లో దురద: ఈస్ట్ అయితే ఏం చేయాలి

గజ్జల్లో దురద అనగానే తామర అనుకుంటాం. షుగర్ ఉన్నవారిలో అది కాండిడా అనే ఈస్ట్ కూడా కావచ్చు. తామర గుండ్రంగా పాకుతుంది, అంచు ఉబ్బి మధ్యలో తగ్గుతూ ఉంటుంది. కాండిడా మడత లోపలే ఎర్రగా, చెమ్మగా, ఒరుసుకుపోయినట్టు మండుతుంది. ఆ ఎరుపు బయట విడివిడిగా చిన్న పొక్కులు కనిపిస్తే అనుమానం బలపడినట్టే. రొమ్ముల కింద, పొట్ట మడతలో, చంకల్లో కూడా ఇదే తీరు. ఆడవాళ్లకు విరిగిన పాలలాంటి తెల్లబట్ట, మగవాళ్లకు ముందుచర్మం కింద ఎరుపు, తెల్లపూత ఉంటాయి.

ముందు గ్లూకోమీటరు తీయండి. రక్తంలో చక్కెర సుమారు 180 దాటితే మూత్రంలోకి దిగుతుంది, ఈస్ట్‌కు అదే తిండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు పనిచేసేదే చక్కెరను మూత్రంలోకి పంపి. అందుకే రీడింగు బాగున్నా ఇన్ఫెక్షన్ రావచ్చు. గుండె, కిడ్నీల కోసం కూడా ఇవి రాస్తారు కనుక సొంతంగా మానేయకండి, డాక్టరుకు చెప్పండి. మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, తుడిచి పొడిగా ఉంచుకోండి.

పూత మందు క్లోట్రిమజోల్ 1 శాతం క్రీము. కడిగాక తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వాలి. తడి మీద పూస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది. పలుచగా, ఎరుపు అంచు దాటి వేలెడు వెడల్పు వరకు, రోజుకు రెండుసార్లు రాయాలి. రెండు వారాలు తప్పనిసరి. చాలామంది దురద తగ్గిన నాలుగో రోజే ట్యూబు పక్కన పడేస్తారు, అది తిరగబెట్టడానికి పెద్ద కారణం ఇదే. మడతల మధ్య పలుచని నూలుగుడ్డ పెట్టి, తడిసినప్పుడల్లా మార్చండి. లోదుస్తులు నూలువే, వదులుగా ఉండాలి.

మందుల షాపులో అడగ్గానే ఇచ్చే మూడు మందుల మిశ్రమ క్రీములు వద్దు. ట్యూబు మీద క్లోబెటసాల్, బెక్లోమెథసోన్, బీటామెథసోన్ అనే పేర్లుంటే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టు. రెండు రోజుల్లో దురద మాయమవుతుంది, లోపల ఈస్ట్ పెరుగుతూనే ఉంటుంది. పైగా గజ్జల చర్మం పలచబడి చారలు పడతాయి. ఆ చారలు పోవు. డెటాల్, కొబ్బరినూనె కూడా ఇక్కడ పనికిరావు.

తెల్లబట్టకు డాక్టరు యోనిలో పెట్టే క్లోట్రిమజోల్ మాత్రలు రాస్తారు. షుగర్ అదుపులో లేకపోతే ఒక్కరోజు మందు సాధారణంగా చాలదు, 7 నుంచి 14 రాత్రులు పడుతుంది. మింగే ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాములది సొంతంగా కొనకండి. గ్లిమెపిరైడ్, గ్లిపిజైడ్ అనే షుగర్ మాత్రలు వాడేవారికి దానితో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవారికి రక్తస్రావం ముప్పు. గర్భిణులు దాన్ని మింగకూడదు.

రెండు వారాలకూ తగ్గకపోతే చర్మాన్ని గీకి పరీక్షించమని అడగండి. మర్మాంగాల దగ్గర చూడటానికి కనిపించేదానికన్నా ఎక్కువ నొప్పి, వాపు, జ్వరం, చర్మం నల్లబడటం ఉంటే అది ఈస్ట్ సంగతి కాదు. అదే గంటలో ఆసుపత్రికి వెళ్లండి.