కిల్ స్విచ్ పెట్టాక గిటార్ మొండికేస్తే

ఎలక్ట్రిక్ గిటార్‌లో కిల్ స్విచ్ పని ఒక్కటే. నొక్కినంతసేపు శబ్దం ఆగాలి, వదలగానే మళ్లీ రావాలి. తీగ మోగుతుండగా టకటకా నొక్కితే స్వరం ముక్కలు ముక్కలుగా తెగి వినిపిస్తుంది. గిటారిస్టు బకెట్‌హెడ్ దీనికోసం గిటార్‌లో బటన్ బిగించుకున్నాడు. మరో గిటారిస్టు టామ్ మొరెల్లో మాత్రం ఒక పికప్ (తీగ కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) వాల్యూమ్ సున్నా చేసి, ఏ పికప్ మోగాలో ఎంచే టాగుల్ స్విచ్‌ను అటూ ఇటూ ఆడిస్తూ అదే పని చేస్తాడు. మీది లెస్ పాల్ మోడల్ తరహాలో రెండు వాల్యూములున్న గిటార్ అయితే ముందు ఆ పద్ధతి చూడండి, చెక్కకు రంధ్రం వేసే పని తప్పుతుంది.

బటన్ ఇప్పటికే పెట్టేసి, అది సరిగా పనిచేయక తల పట్టుకున్నవారికి ఈ కింది సంగతులు.

విప్పకముందు మీటర్ పెట్టండి

నల్గొండలో బోరు మోటార్ వైండింగ్ చేసే దుకాణం ఎవరిని అడిగినా చూపిస్తారు. గిటార్ లోపల చేయి పెట్టేవారిని మాత్రం వెతుక్కోవాలి. అందుకే ఒక మామూలు మల్టీమీటర్ కొనుక్కోవడం మేలు. కేబుల్‌ను గిటార్‌కు తగిలించి, రెండో కొసను ఆంప్‌లో (ఆంప్లిఫయర్‌లో) పెట్టకుండా చేతిలో ఉంచుకోండి. వాల్యూమ్ పూర్తిగా పెంచండి, పికప్‌ను ఎంచే సెలెక్టర్ స్విచ్‌ను ఒకే పికప్ మీద ఉంచండి. మీటర్‌ను 20 కిలో ఓముల రేంజిలో పెట్టి, ఒక ప్రోబును ప్లగ్గు మొనకు, మరొకదాన్ని దాని కింది పొడవాటి లోహానికి ఆనించండి. ఒకే తీగచుట్ట ఉన్న మామూలు సింగిల్ కాయిల్ పికప్ అయితే 6 దగ్గర, రెండు చుట్టలున్న హంబకర్ అయితే 8 దగ్గర అంకె కనిపిస్తుంది. బటన్ నొక్కితే అది సున్నాకు పడిపోవాలి. అలా పడకపోతే, ఎలా పడలేదన్నదే జబ్బు ఏమిటో చెబుతుంది. (బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్‌లకు ఈ పరీక్ష పనికిరాదు.)

నొక్కితేనే మోగుతోంది, వదిలితే మూగ

వదిలినప్పుడు సున్నా, నొక్కితే 8 వస్తోందా? వైరింగ్ సరిగానే ఉంది, బటన్ రకమే తప్పు. మోటార్ స్టార్టర్ డబ్బా చూసినవారికి ఇది చిటికెలో అర్థమవుతుంది. పచ్చ బటన్ నొక్కితే లోపల రెండు కొసలు కలుస్తాయి, అది ఎన్‌ఓ (నార్మల్లీ ఓపెన్). ఎర్ర బటన్‌లో ఎప్పుడూ కలిసి ఉన్న కొసలు నొక్కితే విడిపోతాయి, అది ఎన్‌సీ (నార్మల్లీ క్లోజ్డ్). గిటార్‌కు కావలసింది పచ్చ బటన్ స్వభావం. స్టార్టర్ బటనే తెచ్చి బిగించకండి, అది లావు, బరువు. ఎలక్ట్రానిక్స్ దుకాణంలో చిన్న ఎన్‌ఓ పుష్ బటన్ అడగండి. ఊళ్లో దొరక్కపోతే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. కొనేటప్పుడు రంగు చూసి నమ్మకండి, కొన్నింటికి ఎర్ర టోపీ ఉన్నా లోపల ఎన్‌ఓనే ఉంటుంది. మీటర్ పెట్టి చూసుకోండి.

ఒకసారి నొక్కితే ఆగి, మళ్లీ నొక్కితే గానీ రాకపోతే అది నొక్కిన చోటే నిలిచిపోయే రకం. మార్చడమే.

నొక్కితే ఆగకుండా గుర్రుమంటోంది

ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. నొక్కినప్పుడు మీటర్ సున్నా చూపదు, అంకె అందనంత పైకి పోతుంది. ఇంట్లో లైటు స్విచ్ తీగను తెంపుతుంది కాబట్టి గిటార్‌లోనూ అలాగే తెంపాలనుకుని, సిగ్నల్ వైరును కోసి మధ్యలో ఎన్‌సీ బటన్ పెట్టేస్తారు. ఆంప్ ఇన్‌పుట్ సాధారణంగా 10 లక్షల ఓముల దగ్గర ఉంటుంది. తెగిన వైరు దానికి వేలాడుతూ గాలిలోని రొదనంతా పట్టుకునే ఏరియల్ అయిపోతుంది. కరెంటు 50 హెర్ట్జ్ హోరు, ఫ్యాన్ రెగ్యులేటర్ గరగర, అన్నీ స్పీకర్‌లోకి వస్తాయి. పెళ్లి వేదిక మీద సీరియల్ బల్బుల నడుమ అయితే ఇక చెప్పనక్కర్లేదు.

తెంపిన వైరును తిరిగి కలిపేయండి. ఎన్‌ఓ బటన్ తీసుకుని దాని రెండు కాళ్లనూ జాక్ (కేబుల్ తగిలించే చోటు) దగ్గరే సోల్డర్‌తో అతికించండి. మోనో జాక్‌ను తిప్పి చూస్తే, బయటికి వంగిన పొడవాటి స్ప్రింగు రేకు ఒకటి ఉంటుంది. ప్లగ్గు మొనను తాకేది అదే. ఆ రేకుకు కలిసిన కాలు సిగ్నల్, మధ్య గొట్టానికి కలిసిన కాలు గ్రౌండ్. బటన్ ఒక కాలు దీనికి, ఇంకోటి దానికి. ఏది ఎటైనా ఫరవాలేదు. నొక్కగానే సిగ్నల్ గ్రౌండ్‌లో కలిసిపోతుంది, ఆంప్‌కు వినిపించడానికి ఏమీ మిగలదు.

నొక్కినా సన్నగా వినిపిస్తోంది

ఒక పికప్‌తో ఆగి మరో పికప్‌తో ఆగకపోతే, బటన్‌ను సెలెక్టర్‌కు ముందే ఒక పికప్ వైరుకు కలిపారన్నమాట. జాక్ దగ్గరికి మార్చండి. అన్నింటితోనూ లీలగా వినిపిస్తూ, నొక్కిన ప్రతిసారీ మీటర్ వేరే అంకె చూపిస్తే అతుకు సరిగా పడలేదు. సీసం కలిసిన సోల్డర్ చక్కగా పడితే మెరుస్తుంది. బూడిద రంగులో గరుకుగా ఉందంటే లోహం చాలినంత వేడెక్కలేదు. ముందు కాలును వేడి చేసి, దాని మీదే సోల్డర్ కరిగించండి. డబ్బాలో వచ్చే సోల్డరింగ్ పేస్టు అతిగా పూయకండి, కొన్నాళ్లకు అతుకు చుట్టూ పచ్చగా చిలుము పట్టిస్తుంది.

అసలు శబ్దమే లేదు

ఎప్పుడూ సున్నాయేనా? బటన్ వెనుక కాళ్లు గిటార్ లోపలి రాగి రేకుకో, నల్లటి షీల్డింగ్ పూతకో తగులుతున్నాయేమో చూడండి. లోతు తక్కువ గిటార్లలో ఇది మామూలే. కాళ్లకు ఇన్సులేషన్ గొట్టం తొడిగితే సరి. శబ్దం వస్తూనే, తీగలు ముట్టుకుంటే హోరు పెరుగుతుంటే జాక్ మీద రెండు వైర్లూ తారుమారయ్యాయి, మార్చండి.

తీగ తాకితే చేతికి జివ్వుమంటోంది

ఇది కిల్ స్విచ్ తప్పు కాదు. వెంటనే ఆంప్ ప్లగ్గు పీకేయండి. ఆంప్‌లో లీకేజీ అయినా ఉండాలి, ఇంటి ఎర్తింగ్ అయినా పోయి ఉండాలి. మూడో పిన్ను విరిచేసిన ప్లగ్గు, ఎర్త్ లేని ఎక్స్‌టెన్షన్ బోర్డు ముందుగా అనుమానించవలసినవి. పాలమూరు, నల్గొండ ఎండలకు ఎర్త్ గుంత పూర్తిగా ఆరిపోతుంది, ఆరిన నేల కరెంటును సరిగా తీసుకోదు. వేసవిలో గుంతలో నీళ్లు పోయడం అందుకే. కానీ ప్రాణంతో పని కాబట్టి నీళ్లు పోసి సరిపెట్టుకోకుండా ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్‌ను కొలిపించండి, ఆంప్‌నూ చూపించండి. షాక్ కొడుతోందని తీగలు ఆనే బ్రిడ్జికి వెళ్లే గ్రౌండ్ వైరును మాత్రం కత్తిరించకండి. తీగల హోరు పెరుగుతుంది, ఆంప్‌లో లీకేజీ అలాగే ఉంటుంది, జాక్ లోహం తాకితే అదే షాక్ కొడుతుంది.